కౌలాలంపూర్ పన్ను

"పళ్లు కట్టించుకోడానికి ఫారినర్లు మన వైజాగ్ వస్తుంటే, గజపతినగరంలో ఎండుచేపలమ్మే జగ్గమ్మ కౌలాలంపూర్ ఎందుకెళ్తోంది తమ్ముడూ?"

రమేష్‌బాబు ఫైలు మూసి అడిగాడు.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, ఒక సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ బోర్డు వెనక మేడ గది అది. బోర్డు పెట్టి ఆరేళ్లయినా ఆ గదిలోంచి ఒక్క చేప కూడా అమ్ముడుపోలేదు. అక్కడ అమ్ముడుపోకుండా కాపాడేది దేశ రహస్యాలను. 2016 జూలై. బయట ముసురు పట్టింది.

"ఎవరో ఆవిడకి టికెట్ కొనిపెడుతున్నారు గనక," అన్నాడు భాస్కర్.

"కరెక్ట్. ఫారిన్ టూరు, ఫారిన్ పన్ను, రెండూ కలిపి ఇక్కడి రేటుకే. కంపెనీకి మిగిలేదేమీ లేదు. మరి ఎందుకు చేస్తున్నట్టు?" రమేష్‌బాబు టేబుల్ మీద గోరంత లోహపు మూత పెట్టాడు. "ఇంప్లాంట్ అంటే రెండు ట్రిప్పులు. మొదటిసారి దవడ ఎముకలోకి స్క్రూ దించి, పైన ఈ క్యాప్ బిగిస్తారు. నాలుగు నెలలు ఆగాలి. స్క్రూని ఎముక పట్టుకున్నాక రెండో ట్రిప్పు. అప్పుడు క్యాప్ విప్పి పన్ను తొడుగుతారు. క్యాప్ చెత్తబుట్టలోకి పోతుంది."

"పోవడం లేదన్నమాట."

"రెండో ట్రిప్పుకి ముందు ఇక్కడ చెకప్ పేరుతో క్యాప్ మారుస్తారు. కొత్తది లోపల బోలు. అందులో నువ్వుగింజంత చిప్. మోసేవాళ్లకి మోస్తున్నట్టే తెలీదు."

చిప్‌లో పోయేది చేప పేరు పెట్టుకున్న ‘ప్రాజెక్ట్ కోనెం’. కళింగపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం అడుగున మన నేవీ పరిచిన వినికిడి యంత్రాల మ్యాపు. అది చేతికి చిక్కితే శత్రువు సబ్‌మెరైన్ ఏ సందులోంచి రావాలో చూసుకుని మరీ వస్తుంది. ఆ శత్రువు ఎవరో, ఫైల్లో దేశం పేరు మీద నల్లసిరా కొట్టేసి ఉంది.

"కొరియర్ జగ్గమ్మ. నూటికి నూరు పాళ్లు. డాక్టర్ గౌరి అని టూర్ కోఆర్డినేటర్ ఉంది. ముఠా మనిషే, కానీ రెండేళ్లుగా మనకి పనిచేస్తోంది. జగ్గమ్మ క్యాప్‌లో గౌరి పెట్టేది నేనిచ్చిన దొంగ మ్యాపు. ఈ నెల నుంచి పళ్ల పేషెంట్లందరికీ ఎయిర్‌పోర్టులో దవడ స్కాన్ పెట్టించాను. నీకూ జగ్గమ్మకీ మాత్రం ఉండదు, నా లెటర్ ఉంటుంది. అక్కడ ఆ చిప్ ఎవరి చేతికి వెళ్తుందో చూసి రా. మెసేజ్: ‘కోనెం కూరైంది’. ఇదిగో వాచీ. నొక్కితే నువ్వెక్కడున్నావో నా ఫోన్‌కి తెలుస్తుంది. ఇంకెవరికీ తెలీదు."

భాస్కర్ వాచీ పెట్టుకున్నాడు. అన్నయ్య ఇచ్చినదేదీ తిప్పి చూసే అలవాటు అతనికి లేదు.

సొంత అన్నయ్య కాదు. రెండేళ్ల కిందట కళింగపట్నం ఒడ్డున ఒక స్మగ్లర్ పడవ తెడ్డు ఎత్తి రమేష్‌బాబు తల మీదికి విసిరితే, భాస్కర్ ముఖం అడ్డం పెట్టాడు. పైవరసలో కుడివైపు పన్ను ఊడిపోయింది. దవడ వాచి నోరు తెరవలేని మూడు రోజులూ రమేష్‌బాబు ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, జావ చల్లార్చి చల్లార్చి చెంచాతో పోశాడు. "నా తలకి తగలాల్సిన దెబ్బ నీ పంటికి తగిలింది. ఆ పన్ను నేనే పెట్టిస్తాను," అన్నాడు. అన్నట్టే మార్చిలో ఈ బ్యాచ్‌లో చేర్చాడు. పైకి అతను రొయ్యల చెరువుల ఆసామి చినబాబు, తెల్లచొక్కా, మెడలో గొలుసు, అంటించిన మీసం. వేషానికి వేషం, పంటికి పన్ను.

మర్నాడు గంటస్తంభం దగ్గర క్లినిక్‌లో చెకప్. గౌరి నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, సెంటు వాసనతో గదిలోకి వస్తే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లు పత్రికలు చదవడం మానేశారు. ముందు జగ్గమ్మని చూసింది. తర్వాత భాస్కర్‌ని.

"నాకెందుకు డాక్టర్?" ఆమె తన క్యాప్ మీద చెయ్యి వేస్తే అడిగాడు.

"లూజైంది. బిగిస్తాను."

బిగించి, గ్లోవ్స్ తీస్తూ అంది. "అక్కడ పన్ను పెట్టేదాకా వేడిది ఏదీ వద్దు. టీ కూడా."

"మార్చిలో కుట్లు ఉన్నప్పుడే వేడిది రెండు రోజులు మానితే చాలన్నారు. ఇప్పుడెందుకు?"

గౌరి అతని ముఖంలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. "వద్దంటే వద్దు, అంతే," అని కళ్లద్దాలు దించుకుంది.

* * *

కారెక్కితే వాంతులవుతాయని జగ్గమ్మ పట్టుబట్టడంతో వైజాగ్ దాకా పాసింజర్ బండిలోనే ప్రయాణం. జగ్గమ్మ, భాస్కర్, గౌరి, నాలుగో మనిషి విక్టర్. ఇంప్లాంట్ కంపెనీ ప్రతినిధి. ఏ దేశస్థుడో ముఖం చూసి చెప్పలేం. తెలుగు ఒక్క ముక్క రాదు. భాస్కర్ లేస్తే లేస్తాడు, కూర్చుంటే కూర్చుంటాడు. ఎడమ చంక కింద చొక్కా కొంచెం ఉబ్బి ఉంది; ఎయిర్‌పోర్టు గేటు దాకా దానికి అడ్డు లేదు.

కొత్తవలసలో బండి ఆగిపోయింది. కిరండూల్ లైన్ మీంచి ఖనిజం గూడ్సు వచ్చేదాకా కదలదన్నారు. జగ్గమ్మ దిగి ప్లాట్‌ఫాం చివరికి నడిచింది. భాస్కర్ ఆమె వెనకే దిగాడు. విక్టర్ అతని వెనక దిగాడు.

నీళ్ల కుళాయి వెనక జగ్గమ్మ బొడ్లోంచి చుట్ట తీసింది. వెలిగించింది. వెలిగిన కొసను నోట్లోకి తిప్పి పెట్టి పెదాలు మూసేసింది. అడ్డపొగ! సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఈ తీరం ఆడవాళ్లు తరతరాలుగా తాగే తీరే అది. చూసేవాడికి నిప్పు కనబడదు.

భాస్కర్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏటమ్మా, పొగ మానేసినానని సెప్పినావు గదా డాక్టరమ్మకి?"

జగ్గమ్మ ఉలిక్కిపడి, చుట్ట తీసి నవ్వింది. "సెప్పకపోతే పళ్లు ఎయ్యరు గదా బాబూ! ఆ యమ్మ నమ్మలేదులే. నోరు తెరిసి అంగిలి సూసి నవ్వీసినాది. నలబై యేళ్లు కాలిన అంగిలి, సంటిబిడ్డకైనా తెలిసిపోతాది."

"వేడిది తినకు, తాగకు అనలేదా?"

"నాకేటీ సెప్పలేదు. పొద్దున్న కూడా మరిగే టీ తాగీసినాను. ఏం, నీకు సెప్పినాదేటి?"

నిప్పు పెట్టుకునే నోట్లో ఏ మూర్ఖుడూ చిప్ పెట్టడు. ఆ నోరు చూసిన గౌరికి అది తెలుసు. అయినా గౌరి మార్చిన క్యాప్ ఒకటుంది. వేడి తగలకూడని క్యాప్. స్కాన్ లేకుండా ఎయిర్‌పోర్ట్ దాటే నోళ్లు రెండే. ఈ నోట్లో లేదంటే మిగిలింది ఒకటే.

భాస్కర్ నాలుక తనంతట తానే కుడివైపు పైకి వెళ్లింది. లోహం చల్లగా తగిలింది.

గౌరి ముఠా వైపే ఉండి అన్నయ్యను కూడా మోసం చేస్తోందేమో! అలా అయితే బాగుండునని ఆశపడ్డాడు. ఫోన్ తీశాడు.

"అన్నయ్యా, కొత్తవలసలో ఆగాం. లేటవుతుంది."

"జగ్గమ్మ?"

"ఎదురుగానే ఉంది. వానకి తడిసిపోయాను. ఒక వేడి టీ కొట్టి..."

"వద్దు!"

ముప్పై సినిమాల విలన్లు కలిసి అరిచినా భాస్కర్ అంత అదిరేవాడు కాదు. తర్వాత మళ్లీ ఆ మెత్తటి గొంతు. "వేడిది వద్దు తమ్ముడూ. పంటికి మంచిది కాదు గదా... అందుకని."

వేడి సంగతి గౌరి చెప్పింది తనొక్కడికే. తను ఎవరికీ చెప్పలేదు.

"అలాగే అన్నయ్యా," అని ఫోన్ పెట్టేశాడు. జావ చల్లార్చి పోసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యే ఈ నోటిని కొలతలు చూసుకుని ఎంచుకుందా? ఎప్పటి నుంచి? మంచం పక్కన కూర్చున్న ఆ మూడు రోజుల నుంచేనా?

ఏడవడానికి టైం లేదు. తనకి తెలియకుండా పెట్టారంటే ఇది అసలు మ్యాపే. పారిపోతే విక్టర్ చంక కింద ఉన్నది పలుకుతుంది. హెడ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అది మళ్లీ రమేష్‌బాబు టేబుల్ మీదికే వస్తుంది. క్యాప్ పీకి పారేస్తే అన్నయ్య ఇంకో చిప్ చేసి, ఇంకో నోరు వెతుక్కుంటాడు. చిప్ వాళ్లకి చేరాలి. కానీ చచ్చి చేరాలి.

గూడ్సు కూత దూరంగా వినబడింది.

"అమ్మా, నాకూ ఒకటి ఎలిగించి ఇయ్యి. అడ్డంగా తాగడం నేర్పు."

"పిచ్చి గాని పట్టినాదా? మగోడివి, ఆసామివి!"

"నా తల్లివి గదా. ఏటీ అడక్కు."

జగ్గమ్మ అతని కళ్లలోకి చూసి చుట్ట వెలిగించింది. "నాలిక మీద ఆనించకు. పెదాలు బిగించి మెల్లగా లాగు. బుగ్గి ఉమ్మీ. కాల్తాది, కంగారు పడకు."

భాస్కర్ నిప్పును కుడివైపుకి, క్యాప్ దగ్గరికి నెట్టి పెదాలు మూశాడు. మొదటి దమ్ముకి అంగిలి చర్మం లేచిపోయినట్టయింది. లోహం కాలి చిగుళ్లలోకి సూదుల్లా దిగింది. రెండు. మూడు. దమ్ములు లెక్కపెడుతూ నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి.

జగ్గమ్మ వీపు రాసింది. "పొగకి కల్లంట నీలొస్తాయి గాని బాబూ, ఇన్ని రావు. బాగా కావలసినోలే ఎవులో సేసినట్టున్నారు."

విక్టర్ దగ్గరికి వచ్చాడు. అతనికి కనబడింది బుగ్గ ఉబ్బించుకుని ఏడుస్తున్న ఆసామి, పెదాల మధ్య గోధుమరంగు ఆకు చుట్ట కొస. ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. జగ్గమ్మ తన బుగ్గ పట్టుకుని మూలిగి చూపించింది. "నొప్పి, నొప్పి! మందు!"

విక్టర్ నవ్వి, ఇంటికెళ్లాక చూపించుకోడానికి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకున్నాడు. అంతలో అనుమానమొచ్చి బోగీ కిటికీ వైపు తిరిగాడు. "డాక్టర్! మీ పేషెంట్ నోట్లో ఏం పెట్టుకున్నాడు?"

గౌరి కిటికీలోంచి చూసింది. విజయనగరంలో ప్రాక్టీసు చేసే డాక్టర్‌కి ఆ దృశ్యం ఏమిటో చెప్పక్కర్లేదు. ఆమె నోట ఒక్క మాట చాలు. విక్టర్ చెయ్యి చంక వైపు కదిలింది. గూడ్సు ఇంజన్ ప్లాట్‌ఫాం దద్దరిల్లేలా దూసుకొచ్చింది.

"నాటువైద్యం," అని గౌరి ఇంగ్లీషులో గట్టిగా అరిచింది. "ఆకు నములుతున్నాడు. ఏం కాదు!" కిటికీ షట్టర్ కిందికి దించేసింది.

భాస్కర్ ఇంకో మూడు దమ్ములు లాగాడు.

* * *

కౌలాలంపూర్‌లో క్యాప్ విప్పింది గౌరే. విప్పేముందు గ్లాసులో మందునీళ్లు అందించింది. "రెండుసార్లు పుక్కిలించండి. పొగ వాసన పోవాలి."

"నాటువైద్యమని ఎందుకు చెప్పారు?" భాస్కర్ గొంతు బొంగురుపోయి ఉంది.

"మీరు తెలిసే మోస్తున్నారని, వాటా ఉందని మీ అన్నయ్య చెప్పాడు. వేడి వద్దంటే ఎందుకని అడిగారు చూడండి, అప్పుడు తెలిసింది మీకేమీ తెలీదని." క్యాప్‌ను చిన్న డబ్బాలో వేసి, తలుపు దగ్గర నిలబడ్డ విక్టర్‌కి అందించింది. పన్ను అందంగా అమర్చింది. సాయంత్రానికి ఆమె హోటల్ గది ఖాళీ. ఏ దేశానికి వెళ్లిందో ఎవరికీ తెలియలేదు.

జగ్గమ్మ అద్దంలో తన కొత్త పళ్లు చూసుకుని పకపకా నవ్వుతూనే ఉంది. వాటి వెనక కథ ఆమెకి చెప్పకూడదని భాస్కర్ నిర్ణయించుకున్నాడు. రమేష్‌బాబుకి మాత్రం మెసేజ్ కొట్టాడు: ‘కోనెం కూరైంది.’

తొమ్మిదో రోజు పొద్దున్న విజయనగరం మేడ గది తలుపు తట్టి రమేష్‌బాబు వచ్చాడు. గడ్డం పెరిగింది. రెండు కాళ్లకీ వేర్వేరు చెప్పులు.

"చిప్ తెరిస్తే మసి తప్ప ఏమీ లేదట. నేను మోసం చేశానంటున్నారు వాళ్లు. ఇంటి ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు." కుర్చీలో కూలబడ్డాడు. "నన్ను అరెస్ట్ చెయ్యి తమ్ముడూ. లోపల ఉంటేనే బతుకుతాను."

భాస్కర్ తొమ్మిది రోజులుగా తయారు చేసుకున్న తిట్లన్నీ ఆ చెప్పులు చూసేసరికి ఎక్కడికో పోయాయి.

"నన్నే ఎందుకు?"

రమేష్‌బాబు తల వంచుకున్నాడు. "నిన్నెవరూ స్కాన్ చెయ్యరు. ఇంకా... నువ్వు నన్ను ఏదీ అడగవు గదా."

కొరడాతో కొట్టినా అంత నొప్పి పుట్టదు. భాస్కర్ లేచి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాడు. తెల్లకాగితాలు, పెన్ను ముందు పెట్టాడు.

"రాయండి రమేష్‌బాబు గారూ. మ్యాపు రెండో కాపీ ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెట్టండి."

ఆ పిలుపుకి రమేష్‌బాబు తలెత్తాడు. పెన్ను అందుకున్నాడు. మధ్యాహ్నానికి రెండో కాపీ దొరికింది. ఇంటి ముందు నిలబడ్డ ఇద్దరూ దొరికారు. ఇంకో బ్యాచ్ కోసం తిరిగొచ్చిన విక్టర్ వైజాగ్ ఎయిర్‌పోర్టులో ఫోన్‌తో సహా దొరికాడు.

నెల తిరిగేసరికి భాస్కర్‌కి హెడ్ ఆఫీసు నుంచి సీలు వేసిన కవరొచ్చింది. ప్రశంసాపత్రం అనుకుని విప్పాడు. లోపల మెమో. స్వాధీనం చేసుకున్న ఫోన్‌లోని ఫొటో ప్రకారం, తాము డ్యూటీలో ఉండగా కొత్తవలస రైల్వే ప్లాట్‌ఫాం మీద పొగ తాగినట్టు రుజువైనది. ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసినది.

భాస్కర్ కొత్త పంటితో పెన్ను మూత కొరికి లాగి, ఒకే వాక్యం రాసి పంపాడు:

"అయ్యా, నిప్పు నా నోట్లో ఉన్నది, ప్లాట్‌ఫాం మీద లేదు."