మక్తల్, 210 అడుగులు

కల్వకుర్తి దగ్గర గురవయ్య చేనులో బోరు వేస్తున్నాం. కంప్రెసర్ మోత, మనిషికి మనిషి కనబడనంత దుమ్ము. ఆ దుమ్ములో ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకొని, బోరులోంచి ఎగిరిపడే పొడిని పడుతోంది.

"ఓ అమ్మా, జర దూరం జరుగు. కండ్లు పోతయ్" అని అరిచాను.

"తొంభై అడుగుల కాడ మట్టి పసుపుకు తిరిగింది, చూసినవా?" అంది, నా మాట లెక్కచేయకుండా.

ఆరేళ్లుగా బోర్లు వేస్తున్నాను. నీళ్లు పడ్డాయా లేదా అని తప్ప పొడి రంగు ఎవడు చూశాడు? నాకు ఒళ్లు మండింది. ఆ మంట సాయంత్రానికి ఎటు పోయిందో గానీ, మర్నాడు నేనే బోరు పొడిని మూడు పొట్లాలు కట్టి, వాటి మీద ఊరి పేరు, అడుగులు రాసి ఆమె పనిచేసే బడి కనుక్కొని పట్టుకెళ్లాను.

పేరు కోమల. డ్రాయింగ్ టీచర్. మట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగగానే పై నీళ్లు వేరే గిన్నెలోకి వంచి, ఆ నీళ్లలో పేరుకున్న మెత్తటి మట్టిని ఆరబెట్టేది. తుమ్మబంక, తేనె వేసి బండ మీద నూరి సోడా మూతల్లో నింపితే వాటర్ కలర్ తయారు. ప్రతి మూతకూ నా పొట్లం మీది చీటీయే. వంగూరు 60, అచ్చంపేట 140. నా రాత కోడి గెలికినట్టుందని వెక్కిరించేది, అయినా దాన్నే అంటించేది.

ఒకరోజు, హైదరాబాద్‌లో చిత్రకారుల సంతకు వెళ్తున్నానని చెప్పింది. పన్నెండు రంగులు, పైన "అన్నీ మన నేలవే, ఏమీ కలపలేదు" అని బోర్డు. పదకొండు సిద్ధమయ్యాయట. నిండు ఎరుపు ఒక్కటే దొరకలేదట. వాడిపోయిన ఆ మొహం చూసి నా ప్రాణం ఉసూరుమంది.

ప్రేమలో పడ్డవాడికి బుద్ధి ఉంటుందా? మక్తల్ బోరు పొడిలో అంగడి కుంకుమ కలిపి, "మక్తల్, 210 అడుగులు" అని రాసి ఇచ్చాను. ఆమె సంబరం చూశాక నాకు అన్నం దిగలేదు. సంతలో ఎవరైనా పసిగడితే పోయేది ఆమె మాట. నిజం చెబితే నా మొహం మళ్లీ చూడదు. రెండు రోజులు గింజుకొని, ఆమె బయలుదేరే పొద్దున బస్టాండుకు పరిగెత్తాను. అన్నాళ్లూ టీచర్ అని పిలిచినవాడిని, ఆ పూట పేరే నోట్లోకి వచ్చింది.

"కోమలా, ఆ మక్తల్ రంగు పెట్టకు. దాంట్ల కుంకుమ కలిపిన. నువ్వు చిన్నబోతే చూడలేకపోయిన. నువ్వంటే నాకు పానం."

ఆమె నవ్వలేదు. పెట్టె తెరిచి చూపించింది. పదకొండు మూతలే నిండుగా ఉన్నాయి, పన్నెండోది ఖాళీ.

"మట్టి అడుగుకు దిగితే నీళ్లు తేటపడతయ్ భిక్షపతీ. నీ పొడి దిగినంక కూడ నీళ్లు ఎర్రగనే ఉన్నయ్. అప్పుడే తెలిసింది. నీ అంతట నువ్వే చెప్తవా లేదా అని చూసిన."

ఆమె పెట్టె మూసేసింది.

"పిల్లకు కుంకుమ ఇయ్యాలంటే పెద్దోళ్లను తోలుకొని ఇంటికి రావాలె. బోరు పొడిల కలిపి ఇస్తరా ఎవరన్నా?" అని బస్సెక్కేసింది. కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆమె తిరిగొచ్చిన ఆదివారం మా అవ్వ జంగమ్మను తీసుకొని వాళ్లింటికి వెళ్లాను. అవ్వ పూలు, పండ్లు ముందుపెట్టి, నా కొడుక్కు మీ బిడ్డను ఇస్తారా అని అడిగింది. కోమల వాళ్ల బాపు బిడ్డ వైపు చూశాడు. ఆమె నేను తెచ్చిన పొట్లం అందుకొని, దాని మీది కోడిరాత చదువుకొని, నవ్వుతూ ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకొని పైకే చదివాడు.

"గిది కుంకుమ. ఏం కలపలే."

ఆయన పొట్లాన్ని బిడ్డ చేతిలోనే పెట్టాడు. "దేవుని కాడ పెట్టు బిడ్డా, లగ్గంనాడు పనికొస్తది" అన్నాడు.