రానివాళ్ల కోసం ఆపిన సీట్లు

మా ఆఫీసు పేరు అడ్డా. ఆ పేరు పెట్టింది దాన్ని నడిపే హైదరాబాద్ సంస్థవాళ్లు. చాలా కొత్తగా ఉందని వాళ్లే మురిసిపోయారు. బీదర్‌లో మాత్రం అది ఎవరికీ కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట మా ఆఫీసున్న హాలు ప్రైవేటు బస్సుల అడ్డానే. హైదరాబాద్ పోయే బస్సు రోజూ పొద్దున్నే అక్కడి నుంచి కదిలేది. తర్వాత మూతపడింది. తలుపుకు వేసిన తాళం తుప్పు పట్టేదాకా ఎవరూ తీయలేదు. 2017లో ఇరవై కుర్చీలు, వైఫై, గోడలకు పసుపు రంగుతో మళ్లీ తెరుచుకుంది. కాలేజీ పిల్లలు, కొత్తగా కంపెనీ పెట్టేవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కుట్టుపని చేసే ఆడవాళ్లు అందరూ ఒకే చోట కూర్చుని పనిచేసుకోవాలి, ఒకరి అవసరం ఇంకొకరికి తెలియాలి. అదీ వాళ్ల ఆలోచన. నేను, అంటే సుజన, దానికి మేనేజర్ని. మేనేజర్ అంటే పొద్దున తాళం తీయడం నుంచి, వైఫై పాస్‌వర్డ్ పదోసారి అడిగినవాళ్లకు విసుక్కోకుండా చెప్పడం దాకా అన్నీ.

అక్కడ ఫలానా కుర్చీ ఫలానావాళ్లదని ఉండదు. ముందొచ్చినవాళ్లదే కుర్చీ. దాంతో మావాళ్లు బస్సు అలవాటు పట్టుకొచ్చారు. టీకి లేస్తే కుర్చీ మీద దస్తీ, అంటే చేతిరుమాలు, వేసి పోతారు. బస్సు కిటికీలోంచి దస్తీ విసిరితే ఆ సీటు మనదే కదా. ఎంత పోట్లాడే మనిషైనా దస్తీ ఉన్న సీటు జోలికి పోడు. కుర్చీలు బుక్ చేసుకోవడానికి హైదరాబాద్ నుంచి ఏదో యాప్ పంపారు. ఒక్కరూ తెరిచిన పాపాన పోలేదు.

ఆ అడ్డా నడవడం నాకు చాలా అవసరం. మా నాన్న ఏసప్ప హైదరాబాద్‌లో మేడలు కట్టే పనికి పోయి, పద్నాలుగో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. హైదరాబాద్ పేరు వింటే చాలు, అమ్మ ఇప్పటికీ అక్కడి నుంచి లేచిపోతుంది. తమ్ముడు జాషువాకు అక్కడే ఉద్యోగం వచ్చింది. వాడు మాత్రం అందులో చేరకుండా అడ్డాలో కూర్చుని, కంది బస్తాల్లో పురుగు పడితే ముందే చెప్పే చిన్న యంత్రం ఒకటి తయారు చేస్తున్నాడు.

"అడ్డా ఉన్నన్ని దినాలు ఈడ్నే ఉంట అక్కా. మూతవడితే మాత్రం పోత," అన్నాడు.

అడ్డా తెరిచిన మరుసటి ఏడు ఆగస్టులో సంస్థవాళ్లు కబురు పంపారు. శనివారం మధ్యాహ్నం వచ్చి చూస్తాం, కుర్చీలు ఖాళీగా ఉంటే మూసేస్తాం అని.

ఔరాద్ కాలేజీ పిల్లలు పందొమ్మిది మంది వస్తామన్నారు. శనివారం పొద్దుటి నుంచే వాన. జాషువా తప్ప ఒక్క నరపురుగు రాలేదు. రెండు గంటలకు పిల్లలు ఫోన్ చేసి బయలుదేరామని చెప్పారు. వాళ్లకంటే ముందే సంస్థవాళ్లు వస్తే ఎలా అనిపించింది. మంగళగి ఊరి ఆడవాళ్లు కుట్టి, అమ్మకానికి పెట్టిన తెల్ల దస్తీల మూట మూలన ఉంది. విప్పి, ఒక్కో కుర్చీ మీద ఒక్కోటి పరిచాను. పందొమ్మిది. ఇరవయ్యో కుర్చీలో జాషువా.

"పెండ్లి బస్సు లెక్కుంది అక్కా," అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఊడ్చే తాయవ్వ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. బస్సుల కాలం నుంచి ఆ హాలు ఊడ్చిన మనిషి ఆమె.

"ఎవ్వరికి ఆపినవ్ బిడ్డా గిన్ని సీట్లు?"

"ఔరాద్ పిల్లలకు. వస్తుండ్రు."

"వస్తే మంచిదే," అని గోడవారగా కూర్చుంది.

రెండున్నరకు మళ్లీ ఫోన్. వాగు రోడ్డెక్కింది, బస్సు వెనక్కి తిరిగింది. ఆ మాట నా నోట్లోంచి రాగానే తాయవ్వ లేచి నిలబడింది.

"అయితే తీసెయ్యి. రానోళ్లకు సీటు ఆపొద్దు."

"తీస్తలే తాయవ్వా."

"ఇప్పుడే తియ్యి. ఈడ ఉత్తగ ఆపొద్దు. ఆఖరి బండి పోయిన దినం గూడ గిట్లనే, బండి నిండ దస్తీలేసి టికెట్లకు నిలవడ్డరు. జహీరాబాద్ ఇవతల వంతెన మీదికెల్లి పడ్డది బండి. ఇరవై మంది బిడ్డా. ఒక్కరు గూడ పట్నం చేరలే."

చెయ్యి మొదటి దస్తీ మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే సంస్థ మేడమ్ ఫోన్. ఇంకో అరగంటలో మీ దగ్గర ఉంటాం అంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "వాళ్లు చూసి పోయినంక తీస్త," అన్నాను.  తాయవ్వ చీపురు అక్కడే వదిలేసి వానలో తడుస్తూ వెళ్లిపోయింది. ముసలిదానికి చాదస్తం అని విసుక్కున్నాను. ఆ పాపం నాదే, ఇంకెవరి మీదికీ నెట్టను.

మూడు గంటలకు కరెంటు పోయింది.

పట్టపగలే, కానీ మబ్బు అంత దట్టంగా ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. జాషువా లాప్‌టాప్ వెలుతురు తప్ప హాల్లో ఏమీ లేదు. వాన చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. ముందు డీజిల్ వాసన వచ్చింది. జనరేటర్ అనుకున్నాను. మాకు జనరేటర్ లేదు. తర్వాత తడి బట్టల వాసన. బీడీ. ఒలిచిన బత్తాయి తొక్క. ఎక్కడో చంటిపిల్ల కక్కిన పాల పులుపు...

కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. ఆగి ఉన్న బస్సులో ఇంజను వేసినప్పుడు అలాగే ఉంటుంది.

తలుపు పక్క కుర్చీ కిర్రుమంది.

దాని మీద ఉన్న దస్తీ పైకి లేచింది. మడతపడింది. బల్ల అంచు మీదికి చేరింది. కుర్చీ మళ్లీ కిర్రుమంది, ఈసారి బరువుగా. ఆ పక్కది. ఆ పక్కది... ఒక్క మనిషి కనబడలేదు. నేను గోడకు అతుక్కుపోయాను. యేసయ్యా అనాలనుకున్నాను.  దానికి బదులు లెక్క పెడుతూ పోయాను. పదిహేడు... పద్దెనిమిది... పందొమ్మిది.

నిశ్శబ్దం.

హమ్మయ్య అనుకోబోయి తాయవ్వ మాట గుర్తొచ్చింది. ఇరవై మంది.

లాప్‌టాప్ వెలుతురులో నేల మీద ఒక తడి అడుగు కనబడింది. దాని ముందు ఇంకొకటి. ఒక్కో కుర్చీ దగ్గర ఆగి, చూసి, ముందుకు కదులుతున్నాయి. సీటు దొరకని మనిషి నడక అది. అడుగులు జాషువా పక్కన వచ్చి ఆగాయి.

"జర జరుగు తమ్మీ..."

అలసిపోయిన ఆడమనిషి గొంతు. నా తమ్ముడు బస్సులో పెద్దవాళ్లు నిలబడితే చూడలేని మనిషి. తెర మీంచి కళ్లు తిప్పకుండా, ఆలోచించకుండా, అలవాటుగా... జరిగాడు. సగం కుర్చీ వదిలాడు.

"జాషువా..."

"ఊఁ."

"లేవు. నా దగ్గరికి రా."

"ఎట్ల లేస్త అక్కా," అని గుసగుసగా అన్నాడు. "బండి కదిలింది."

బయట కారు ఆగింది. కరెంటు వచ్చింది. నాకు కనబడ్డవి ఖాళీ కుర్చీలు, మడత పెట్టిన దస్తీలు, కుర్చీ అంచున ఒరిగి కూర్చున్న తమ్ముడు. సంస్థవాళ్లు ముగ్గురు గుమ్మంలో నిలబడి చుట్టూ చూశారు. మేడమ్ వేలు పెదవుల మీద పెట్టుకుని నవ్వింది. చప్పుడు కాకుండా వచ్చినదారినే వెళ్లిపోయారు.

వారానికి రిపోర్టు వచ్చింది. "ఇరవై కుర్చీలూ నిండి ఉన్నాయి. మేం వెళ్లినా ఒక్కరూ తల ఎత్తలేదు. ఇంత శ్రద్ధ హైదరాబాద్‌లో కూడా చూడలేదు. మరో మూడేళ్లు కొనసాగిస్తున్నాం."

జాషువా ఉద్యోగానికి పోలేదు. అమ్మ కోరిక తీరింది. వాడిప్పుడు మంచం మీద ఒక పక్కకు ఒరిగి పడుకుంటాడు. మిగతా సగం ఖాళీ. డాక్టర్లకు అంతు పట్టలేదు. పాస్టరుగారు ప్రార్థన చేయడానికి వచ్చి ఆ సగంలో కూర్చోబోతే, "ఆడ మనుషులున్నరు అయ్యగారూ," అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు.

రోజూ ఒకటే మాట అడుగుతాడు. మొదటి నాలుగు నెలలు, "జహీరాబాద్ వచ్చిందా అక్కా?" అని. క్రిస్మస్ ముందు సదాశివపేట అడిగాడు. ఆ బస్సు సదాశివపేట దాకా పోనే లేదు. ఆ తర్వాత సంగారెడ్డి. అక్కడి నుంచి పట్నం ఎంత దూరమో నాకు తెలుసు. అక్కడ దిగితే ఏమవుతాడో తెలియదు. నాకు భయం, అంతే. అందుకే అబద్ధం చెబుతున్నాను. "యాడ తమ్మీ, ఇంకా జహీరాబాదే. పండుకో." వాడు చిన్నప్పటి నుంచి నేనేం చెప్పినా నమ్ముతాడు.

నిన్న మధ్యాహ్నం పటాన్‌చెరు అడిగాడు. పట్నం మొదలయ్యేది అక్కడే. అమ్మ చర్చికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

"ఇంకా జహీరాబాదే తమ్మీ," అన్నాను.

సరేనని కళ్లు మూసుకున్నాడు. నేను దుప్పటి సర్దుతున్నాను. అప్పుడు మంచం మీంచి కాదు, నా వెనక నుంచి, ఒక మగగొంతు చాలా దయగా పలికింది.

"పటాన్‌చెరు దాటి గడియైంది తమ్మీ. బ్యాగు సర్దుకో."