పద్నాలుగు చోట్ల పూతరేకు

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. ఒక ఆదివారం పొద్దున పూజిత అనే స్టూడెంట్ అందులో ఒక ఫోటో పెట్టింది. బోర్లించిన కుండ మీద నుంచి పూతరేకు తీస్తున్న చెయ్యి. కింద 'ఇంట్లో చుట్టిన పూతరేకులు, కావలసినవారు చెప్పండి' అని రాసింది.

సృజన్ ఆ గ్రూపుకు అడ్మిన్. అంతకుముందు వారమే ఒక అద్దె ఇంటి ప్రకటన గుట్టు రట్టు చేశాడు. అందులోని ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అది పోర్చుగల్‌లో ఒక హోటల్ గదని తేలింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఊపులో ఈ ఫోటో కూడా వేశాడు. పది సెకన్లలో దుబాయ్‌లోని ఒక రెస్టారెంట్ మెనూ వచ్చింది. అందులో అదే చెయ్యి.

'ఫోటో నెట్‌లోది. జాగ్రత్త' అని గ్రూపులో పెట్టాడు. పదకొండు మంది బొటనవేలు ఎత్తారు. పూజిత గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మంగళవారం వాన. సృజన్ ఆఫీసుకు వెళ్ళడానికి స్టేషన్లో మ్యూనిక్ రైలు కోసం చూస్తున్నాడు. ఒకమ్మాయి గొడుగు ముడిచి ఎదురుగా నిలబడింది.

"సృజన్ గారంటే మీరేనాండి? ఈ ట్రైన్‌కి వస్తారని మీ గ్రూపులోని దశరథ్ అన్న చెప్పాడు. నేను పూజితనండి. మీరు దొంగని చేసిన పూజితని."

ఫోన్ చేతికిచ్చింది. అదే ఫోటో, కానీ పూర్తిది. చేతి వెనుక ఒక ఆవిడ ముఖం, పొయ్యి, తాటాకుల గోడ. తేదీ 2018 జనవరి.

"మా అమ్మండి, బాలామణి. ఆత్రేయపురంలో ఇరవై రెండేళ్ళుగా రేకులు తీస్తోంది. నేను తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. చెయ్యి వరకు కోసుకుని ఎవరెవరో వాడుకున్నారు."

"మెనూ 2021ది. నేను డేట్ చూడలే," అన్నాడు సృజన్.

"మీరు వెతికింది ఆ ఫోటో ఎక్కడుందో అని మాత్రమేనండి. ఎవరిదో అని కాదు. మా మావయ్య కూతురు మీ గ్రూపులోనే ఉంది. అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పింది, మీ పిల్ల దొంగ ఫోటో పెట్టిందంట అని. అమ్మ రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడట్లేదండి."

"తప్పు నాదే. గ్రూపుల సారీ పెడ్త."

"పెట్టండి. కానీ నేను లేని గ్రూపులో ఆ సారీ ఎవరికండీ?"

"మరి నన్నేం జెయ్యమంటరు?"

"ఆ ఫోటో ఇంకా ఎక్కడెక్కడ తిరుగుతోందో వెతకండి. ఉన్నచోటల్లా కింద మా అమ్మ పేరు పడాలి. లేదా ఫోటో తీసెయ్యాలి. మీకు చేతనైన పనే కదా!"

సృజన్ ఆ రోజే గ్రూపులో పూర్తి ఫోటో పెట్టి తన తప్పు రాశాడు. బాలామణికి ఫోన్ చేసి హన్మకొండ తెలుగులో క్షమాపణ చెప్పాడు. ఆమెకు సగమే అర్థమైంది, అయినా నవ్వింది. తర్వాత ఫోటోని కోసి, తిప్పి, అద్దంలో బింబంలా మార్చి వెతికాడు. పద్నాలుగు చోట్ల దొరికింది. పద్నాలుగు మెయిళ్ళు రాశాడు.

ప్రతి శనివారం స్టేషన్ దగ్గరి బేకరీలో కూర్చుని ఇద్దరూ జాబితా చూసేవారు. పూజిత డబ్బాలో పూతరేకులు తెచ్చేది.

"హైదరాబాద్ బ్లాగ్ ఆయన పేరు పెట్టిండు. లండన్ షాప్ ఫోటో తీసేసింది."

"ఆయ్. తినండి, ఇక్కడి బటర్ కాచిన నెయ్యేనండి."

"ఇన్ని తింటే ఎట్ల?"

"శిక్షలో ఇదీ భాగమేనండి."

ఆగస్టు చివరికి పదమూడు పూర్తయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక కేటరింగ్ సైట్ ఒక్కటే మిగిలింది.

"రిప్లై వచ్చిందాండి?" అని పూజిత అడిగేది.

"ఇంకా రాలే," అనేవాడు సృజన్. మూడు శనివారాలు అదే మాట.

నాలుగో శనివారం ఆమె పూతరేకులు తేలేదు. ఫోన్ బల్ల మీద పెట్టింది. తెర మీద ఆ కేటరింగ్ సైట్. ఫోటో కింద అక్షరాలు: 'ఆత్రేయపురం బాలామణి'.

"నేనే వెతికానండి నిన్న. వాళ్ళని అడిగితే, పేరు పెట్టి నాలుగు వారాలైందని, అప్పుడే మీకు రిప్లై ఇచ్చామని మెయిల్ పంపారు. వచ్చే నెల డ్యూసెల్‌డార్ఫ్‌లో నా ఇంటర్న్‌షిప్ మొదలవుతుంది. మీ మాట నమ్మి వెళ్ళాలా, నమ్మకుండా వెళ్ళాలా?"

సృజన్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"అబద్ధం జెప్పిన. జాబితా అయిపోతే శనివారాలు అయిపోతయని."

పూజిత ఫోన్ తెర ఆర్పి అతని వైపు చూసింది.

"మీరంటే నాకిష్టం. ఈ మాటకి ప్రూఫ్ ఏ సెర్చ్‌ల దొరకదు. నమ్మకపోతే ఏమనను."

ఆమె ఫోన్ తీసుకుని సంచిలో వేసుకుంది. లేవలేదు.

"డ్యూసెల్‌డార్ఫ్ ఎన్ని గంటల ప్రయాణమండి?"

"ఐదు గంటలు. ట్రైన్ లేట్ గాకపోతే."

"జాబితా లేదు, మెయిళ్ళు లేవు. ఏ పని మీద వస్తారు అంత దూరం?"

"పనేం లేదు. ఉత్తగనే."

పూజిత కిటికీ వైపు తిరిగింది. నవ్వు ఆపుకోలేక మళ్ళీ ఇటు తిరిగింది.

"అయితే ఒక శనివారం మీరు రండి, ఒక శనివారం నేనొస్తాను. ఉత్తగనే."