చర్చిల్ రేవులో మూడు ట్యాంకు వ్యాగన్లు

“పేలుతుందా?” అని అడిగాడు డైరెక్టర్ కార్మైకేల్.

“పేలదు సార్.”

“పోనీ, విషమా?”

“కాదు సార్. కంటికి కనపడదు, వాసన రాదు.”

డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “మరి దేనికింత హడావిడి, స్పెన్స్?”

ఎల్రాయ్ స్పెన్స్ పళ్లు బిగబట్టాడు. ఒటావాలోని ఆ రహస్య శాఖలో అతనిది ఇరవై ఏళ్ల సర్వీసు. నాలుగు భాషలు తెలుసు, తాళం ఏదైనా తీయగలడు, పెద్ద పెద్ద ముఠాల్ని పట్టించాడు. ఈ ఒక్క గదిలోనే అతని మాట చెల్లదు.

“పాత ఫ్రిజ్‌ల్లోంచి, ఏసీల్లోంచి తీసిన గ్యాస్ సార్. మనం ఇప్పటికే భూమి చుట్టూ దుప్పటి కప్పేశాం. ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. బొగ్గు పొగ ఆ దుప్పటికి ఒక పోగు కలిపితే, ఈ గ్యాస్ అంతే బరువుకి రెండు వేల పోగులు కలుపుతుంది. కొలిమిలో పెట్టి కాల్చేస్తే ఆ పీడ పోతుంది. కాల్చే పని ఆర్కిడ్ ముఠా వాళ్లు దొంగ కంపెనీ పేరుతో కొట్టేశారు. కాల్చడానికి ఖర్చు, వదిలేయడానికి ఖర్చు లేదు. గాలిలోకి వదిలేసి, కాల్చేశామని చెప్పి డబ్బు పట్టుకుని సముద్రం దాటిపోతున్నారు.”

“ఇప్పటికి మూడుసార్లు నువ్వు వెళ్లావు. మూడుసార్లూ ట్యాంకులు ఖాళీ.”

“మీ అనుమతి వచ్చేసరికి ఖాళీ అయ్యాయి సార్.”

ఆ మాట డైరెక్టర్‌కు నచ్చలేదు. ఇదే ఆఖరి అవకాశమన్నాడు. ఉత్తరాన, బే అని పిలిచే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న చర్చిల్ రేవు పక్క సైడింగులో, అంటే బండ్లు నిలిపే పక్క పట్టాల మీద, మూడు ట్యాంకు వ్యాగన్లు నిండుగా ఉన్నాయి. గురువారం సాయంత్రం రైలు వాటిని దక్షిణాదికి లాక్కుపోతుంది. ఈలోగా ముఠా చేతివాటం కెమెరాలో పట్టుకోవాలి. ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే గ్యాస్ ఫైలు మూసేస్తారు. అంటే ఆర్కిడ్ ముఠా ఇష్టారాజ్యం.

“ఊళ్లో మన మనిషి ఒకరుంటారు. ‘బే గడ్డకట్టిందా?’ అని అడుగు. ‘ఇంకా లేదు, ఈ ఏడూ ఆలస్యమే’ అంటే మనవాళ్లన్న మాట.”

ఎల్రాయ్ అడ్డుపడ్డాడు. “సార్, అక్టోబర్లో ఆ ఊళ్లో ఎవర్ని కదిపినా...”

“కోడ్ ఖరారైపోయింది. మంత్రిగారు కూడా చూశారు. నీ మారువేషం ప్రొఫెసర్ డన్‌స్టన్, పక్షుల శాస్త్రవేత్త. పెట్టుడు గడ్డం స్టోర్సులో తీసుకో.”

“నేను పుట్టింది ఆ ఊళ్లోనే సార్.”

“అందుకేగా నిన్ను పంపుతోంది.”

చర్చిల్‌కు రోడ్డు లేదు. రైలు ఉందంటే ఉంది. ఒకప్పుడు రాయిలా ఉండే నేల ఇప్పుడు అడుగున కరిగి, పట్టాలు పడవలా ఊగుతుంటాయి. అందుకని ఆ రైలు ముసలాయన మెట్లు దిగినట్టు నడుస్తుంది. బుధవారం పొద్దున దిగాల్సిన ఎల్రాయ్ గురువారం మధ్యాహ్నం దిగాడు. దారి పొడుగునా గడ్డం దురద పెట్టింది. గ్యాస్‌ను చూడగల కెమెరాకు ఆఫీసువాళ్లు పాత బ్యాటరీ ఇచ్చారు; చలికి అది చచ్చిపోతుంటే తీసి చంకలో పెట్టుకుని కాపాడుకుంటూ వచ్చాడు.

ప్లాట్‌ఫాం మీద సామాను దించే ముసలాయన్ని అడిగాడు, ఎందుకైనా మంచిదని. “బే గడ్డకట్టిందా?”

“ఇంకా ఎక్కడ, ఈ ఏడూ ఆలస్యమే. అవునూ, నువ్వు ఫ్లోరా కొడుకువి కదూ? ఆ గడ్డమేంట్రా?”

టికెట్ల కిటికీలో అమ్మాయీ అదే జవాబు చెప్పింది. దారిలో కుక్కని తిప్పుతున్న మనిషి అడక్కముందే చెప్పాడు. ఆ ఊళ్లో ఆ రోజుల్లో మనుషులు పలకరించుకునేదే అలాగ. బే గడ్డకడితే తెల్ల ఎలుగుబంట్లు మంచు మీదికి సీళ్ల వేటకు పోతాయి. కట్టనంతకాలం ఆకలితో ఊరి చుట్టూ తిరుగుతాయి. మరి ఇంకేం మాట్లాడుకుంటారు?

ఎల్రాయ్ గడ్డం పీకి జేబులో కుక్కుకుని, మార్జీ పిన్ని కెఫేలోకి వెళ్లాడు. మార్జీ ఎల్రాయ్ వాళ్లమ్మకు స్నేహితురాలు. మాట మొదలెడితే ఎదుటివాడి కాఫీ చల్లారాల్సిందే.

“రా నాయనా. మీ అమ్మ ఇల్లు తూర్పువైపుకి ఒరిగిపోయింది, చూశావా? కిందంతా బురదే. గ్లాసు బల్ల మీద పెడితే దానంతటదే నడిచి వెళ్లిపోతోంది. నువ్వు ఒటావాలో ఏం వెలగబెడుతున్నావో గానీ...”

“అదే పని మీద వచ్చాను పిన్నీ.”

“ఆ పనేదో త్వరగా కానీ. ఆవిడ మంచం కూడా నడవడం మొదలెడుతుంది.”

అప్పుడే మూల బల్ల దగ్గర్నుంచి ఒకామె లేచి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల నక్కతోలు కాలరు, ఎర్రటి పెదాలు, సినిమా పోస్టరులోంచి దిగినట్టుంది.

“బే గడ్డకట్టిందా, ప్రొఫెసర్?” అని మెల్లగా అడిగింది.

“ఇంకా లేదు, ఈ ఏడూ ఆలస్యమే,” అన్నాడు ఎల్రాయ్ నీరసంగా. కానీ ప్రొఫెసర్ అన్న మాట ఒటావా తప్ప ఎవరికీ తెలియదు. అంటే మన మనిషే అనుకున్నాడు.

ఆమె పేరు ఇసబెల్ రాన్. డిపార్ట్‌మెంట్ తరఫున ఆరు నెలలుగా ముఠాలో పనిచేస్తోందట. “నేనూ ఇక్కడే పుట్టి పెరిగాను. మా నాన్న రేవులో చేసేవాడు,” అంది. “సైడింగులో వ్యాగన్లు ఉత్తవి. గ్యాస్‌ని రాత్రే పాత రాకెట్ స్టేషన్‌కి మార్చారు. ఊరికి చాలా దూరం. నాలుగింటికి వదిలేస్తారు. నా ట్రక్కులో పోదాం, పదండి.”

గోడ గడియారం మూడు దాటింది. ఎల్రాయ్ మారుమాట లేకుండా బయటికి నడిచి, ట్రక్కు తలుపు పిడి పట్టి లాగాడు.

రాలేదు.

“ఆగండి,” అని ఇసబెల్ తాళంచెవి నొక్కింది. ట్రక్కు కీచుమంది.

ఎల్రాయ్ చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. చర్చిల్‌లో బండికి తాళం వేయరు. ఇంటికీ వేయరు. వీధి మలుపులో ఎలుగు ఎదురుపడితే, పరిగెత్తేవాడికి చేతికందిన తలుపు తెరుచుకోవాలి. అక్కడి పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పేది ఇదే. రేవు పనివాడి కూతురు, ఎలుగుల కాలంలో, నడివీధిలో బండికి తాళం వేసిందంటే ఆమె ఈ ఊళ్లో ఒక్క చలికాలం కూడా గడపలేదు.

ఆమె పుట్టుక అబద్ధమైతే రాకెట్ స్టేషనూ అబద్ధమే. గ్యాస్ సైడింగులోనే ఉంది. తనని ఊరు దాటించడానికే ఈ నాటకమంతా.

“కెమెరా లోపల మర్చిపోయాను. ఒక్క నిమిషం,” అని వెనక్కి వచ్చి, వంటింట్లోకి దూరాడు. “పిన్నీ, నీ ట్రక్కు కావాలి. బయట ఆ అమ్మాయి ఉంది చూడు, దాన్ని కదలనివ్వకు.”

“ఎంతసేపు?”

“నీ ఓపిక.”

మార్జీ కళ్లు మెరిశాయి. బ్లూబెర్రీ పండ్లు కూరిన ‘పై’ అనే తీపి రొట్టె ముక్క పళ్లెంలో పెట్టుకుని వీధిలోకి వెళ్లింది. “ఏమ్మా, మీ నాన్న రేవులో చేశాడన్నావుగా, ఏ డ్యూటీ? అయితే మా ఆయన తెలిసే ఉండాలే. రా, లోపల కూర్చుని చెప్పు...” ఆమె చేతిలోంచి ఇంతవరకు ఎవరూ బయటపడలేదు.

ఎల్రాయ్ పెరటి దారిన బయటపడి, ట్రక్కు తోలుతూ డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు.

“సార్, మనవాళ్లలోనే ఎవరో నా పేరు అమ్మేశారు. గ్యాస్ ఇప్పుడే వదులుతారు. ఇక్కడి పోలీసులకి ఒక్క మాట చెప్పండి.”

“ప్రాణాపాయం ఎవరికి?”

“అందరికీ సార్.”

“పేర్లు చెప్పు.”

ఎల్రాయ్‌కి ఫోన్ కిటికీలోంచి విసిరేయాలనిపించింది. సైడింగు కనపడుతోంది. రైల్వే చొక్కాలు వేసుకున్న ఇద్దరు మొదటి వ్యాగన్ ఎక్కి, పానాలతో వాల్వు తిప్పుతున్నారు. వాళ్ల పక్కనుంచే ఒకాయన సైకిల్ మీద పోతూ చెయ్యి ఊపాడు. పట్టపగలు, ఊరి మధ్యలో. కనపడని దొంగతనానికి చీకటెందుకు?

వాళ్లిద్దరి నడుముకీ తుపాకులున్నాయి, ఎల్రాయ్ దగ్గర గడ్డం ఉంది. అప్పుడతను ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ చేయకూడని పని చేశాడు. ఎలుగు గస్తీ నంబరుకి ఫోన్ చేశాడు.

“సైడింగులో ఎలుగు. ఇద్దరు మనుషులు వ్యాగన్ మీద ఉన్నారు.”

“లైన్లో ఉండు,” అంది గస్తీ నాయకురాలు హిల్డా.

భూగోళం ఉడికిపోతోందంటే ఇన్నేళ్లుగా ఒక్క మనిషి కదలలేదు. ఎలుగు అన్న ఒక్క మాటకు సైరన్లు మోగాయి, మూడు వైపుల నుంచి ట్రక్కులు దూసుకొచ్చాయి, టపాకాయ తూటాలు ఆకాశంలో ఢామ్మని పేలాయి. ముఠా మనుషులు తుపాకులు తీయడం కూడా మర్చిపోయి, ఒకణ్ణి ఒకడు పట్టుకుని వ్యాగన్ చివరికి పాకారు. వాల్వు మాత్రం అప్పటికే బుస్సుమంటోంది.

ఎల్రాయ్ చంకలోని బ్యాటరీ కెమెరాలో తోసి, పైకెక్కి చూశాడు. తెర మీద నల్లటి పొగ, ఉత్తరపు గాలికి ఊరి మీదుగా సాగిపోతోంది. ఇద్దరి ముఖాలూ, పానా, పొగా ఒకే బొమ్మలో పడ్డాయి. తెర ఆరిపోయింది. అతను రెండు చేతులతో వాల్వు చక్రం పట్టుకున్నాడు. చిమ్మే గ్యాస్ చల్లదనానికి చేతితొడుగులు లోహానికి అంటుకుపోయాయి, వేళ్లు చచ్చుబడ్డాయి. పళ్లు పటపటలాడుతుండగా చివరి చుట్టు తిరిగింది. బుస ఆగిపోయింది.

కింద హిల్డా తుపాకి భుజాన వేసుకుని నిలబడి ఉంది. “ఎలుగేదిరా?”

“లేదక్కా.”

ఆమె తుపాకి దించి, మిగిలిన తూటాలు తీసి జేబులో వేసుకుంది. తర్వాత అతను బ్యాటరీని మళ్లీ చంకలో వెచ్చబెట్టి, కెమెరా బొమ్మ చూపించి, దుప్పటి సంగతి మొదట్నుంచీ చెప్పాడు. ఆమె అంతా విని, పైనున్న ఇద్దరినీ దింపి పోలీసులకు అప్పగించింది. కెఫేలో ఇసబెల్ ‘పై’ నాలుగో ముక్క తింటూ దొరికింది. జైలంటే హాయిగా ఊపిరి పీల్చుకుందట. హిల్డా ఎల్రాయ్ వైపు తిరిగింది. “అబద్ధం అబద్ధమే. రేపు పండగ, పిల్లలు దెయ్యాల వేషాలు కట్టుకుని ఇల్లిల్లూ మిఠాయిలకి తిరుగుతారు. ఎలుగులు ఊళ్లోకి రాకుండా నువ్వు మాతో ఒడ్డున కాపలా కాయాలి,” అంది.

మర్నాడు సాయంత్రం ఒడ్డున నిలబడి, కట్టుకట్టిన వేళ్లతో ఎల్రాయ్ ఒటావా ఫోన్ ఎత్తాడు. డైరెక్టర్ గొంతు హుషారుగా ఉంది. చాలాసేపు ఆయనే మాట్లాడాడు. ఎల్రాయ్ “సార్” అనీ, “కానీ సార్” అనీ, మళ్లీ “సార్” అనీ అని పెట్టేశాడు.

“ఏమంటారు?” అంది హిల్డా.

“వ్యాగన్లని నిజం కొలిమికి పంపుతారట. గ్యాస్ ఫైలు మాత్రం మూసేశారు, దొంగలు దొరికారు కాబట్టి ఇంక అవసరం లేదట. మంత్రిగారు నిన్నటి రిపోర్టు చదివి కదిలిపోయారట. కొత్త విభాగం పెట్టి నన్ను అధికారిని చేశారు.”

“ప్రపంచాన్ని కాపాడినందుకా?”

“అది ఎలుగుల విభాగం. లేని ఎలుగుని చూసినందుకు.”