ఒకటో నంబరా, రెండో నంబరా

బళ్ళో కెమిస్ట్రీ చెప్పే కుర్ర మాస్టారు షాపుకెళ్ళిన మొదటి రోజే వేలు కాల్చుకున్నాడు.

ట్యూబ్ ప్రీయాంప్లిఫయర్ పెడితే పాట వెచ్చగా వినిపిస్తుందని ఎక్కడో చదివాడు. ల్యాబ్‌లో తిరిగే మనిషి కదా, నిజమో కాదో తేల్చుకుందామని అవి అమ్మే షాపులో బల్లమీద వెలుగుతున్న గాజు ట్యూబు మీద వేలు ఆనించాడు.

"ఎలా ఉంది, వెచ్చగా ఉందా?" అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఒకమ్మాయి. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. ఆ వెచ్చదనం చెవికే గానీ వేలికి కాదని చెప్పి, గ్లాసుతో చన్నీళ్ళు తెచ్చి వేలు ముంచమంది. ముంచుకుని కూర్చున్నంతసేపూ పాఠం చెప్పింది. రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే శబ్దం మరీ నీరసంగా ఉంటుందట. పెద్ద యాంప్లిఫయర్ చేతికి ఇచ్చేముందు దానికి కాస్త బలం పట్టించి, ముఖం కడిగి పంపేదే ఈ పెట్టె. స్విచ్ వేశాక నోరు విప్పడానికి మాత్రం ఒక నిమిషం పడుతుందట.

"ఓహో, ట్యూబ్‌లైట్‌లాగా," అన్నాడు మాస్టారు చాలా సీరియస్‌గా.

ఆ రోజునుంచి ఆ షాపులో అతని పేరే ట్యూబ్‌లైట్.

పెట్టె కావలసింది వాళ్ళమ్మకి. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి అతన్ని డిగ్రీ దాకా లాక్కొచ్చిన మనిషి. ఇంట్లో పాత రికార్డు పెడితే, ఆ పాడేదెవరోగానీ తలుపేసుకుని లోపల పాడుతోందిరా అంటుంది. అమ్మ అడిగింది ఇన్నేళ్ళలో ఇదొక్కటే. అందుకే సరైనదే ఎంచాలని అతని పట్టుదల.

షాపులో రెండు పెట్టెలున్నాయి. రెండూ ఆ అమ్మాయి స్వయంగా బిగించినవే. వాళ్ళ నాన్న మూలకుర్చీలో కూర్చుని, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్లకి తీగ చుడుతుంటాడు. తలెత్తడు, మాట్లాడడు.

కళ్ళతో చూసి కొనేవాళ్ళంటే ఆ అమ్మాయికి ఒళ్ళుమంట. కాబట్టి మాస్టార్ని అటు తిప్పి కూర్చోబెట్టి, వెనక స్విచ్ మారుస్తూ ఇది ఒకటో నంబరు, ఇది రెండో నంబరు అంది. అతను బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఒకటి: బాగుంది. రెండు: బాగుంది. తేడా అన్న చోట ఖాళీ.

మళ్ళీ శనివారం వచ్చాడు. మళ్ళీ ఖాళీ. ఇంటికెళ్తే వాళ్ళమ్మ, పెళ్ళి సంబంధమైనా ఇంతకంటే త్వరగా కుదురుతుంది కదరా అంది. తన చెవులు సరిగ్గా లేవేమోనన్నది అతనికి ఒక దిగులు. అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. ఏదో ఒకటి ఎంచేస్తే, ఆ మర్నాటినుంచి ఈ మెట్లెక్కడానికి తనకి ఏ పనీ ఉండదు.

మూడో శనివారం వాన. చూరు కింద తలదాచుకున్న వాళ్ళెవరో ఏదో అడిగితే ఆ అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళింది. మాస్టారికి కుతూహలం ఆగలేదు. లేచి బల్ల వెనక్కి తొంగిచూశాడు. స్విచ్‌లోంచి రెండు తీగలు బయల్దేరి, రెండూ ఒకే పెట్టె వెనక్కి వెళ్ళాయి. రెండో పెట్టె ఊరికే వెలుగుతోంది, పెళ్ళిపందిట్లో పిలవని చుట్టంలా.

ఆమె తిరిగొచ్చేసరికి అతని ముఖం కందగడ్డలా ఉంది.

"నాతో ఆడుకుంటున్నారా? చెవులు పోయాయేమోనని మొన్న డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చానండీ."

డాక్టరనగానే ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు మొహం పెట్టింది. మొదటి వారం నిజంగానే పొరపాటని చెప్పింది. అతను వెళ్ళాకే చూసుకుందట.

"మరి పోయిన వారం?"

మూలన తీగ చుట్టడం ఆగిపోయింది.

"సరిచేస్తే మీకు తేడా తెలిసిపోతుంది," అంది బల్లకేసి చూస్తూ. "తెలిస్తే పట్టుకుపోతారు."

ట్యూబ్‌లైట్ వెలగడానికి ఈసారి నిమిషం పట్టలేదు. ఆమె గబగబా తీగలు మార్చి స్విచ్ వేసింది. ఒకటో నంబరులో పాట వినిపించింది. రెండో నంబరులో పాటకి ముందు పాడే మనిషి తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది.

"రెండు," అన్నాడు.

ఇంకో వారం ఆలోచించుకోమంది, తొందరేం లేదంది.

"లేదండీ, అమ్మ ఎదురుచూస్తోంది."

ఆమె పెట్టెకి అట్ట చుట్టింది. టేపు రెండుసార్లు వంకరగా అంటించింది. అతను పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"వచ్చే శనివారం వస్తాను."

"పాడైతే ఫోన్ చేస్తే చాలండీ."

"పాడవకపోయినా వస్తాను. మీకోసం. అమ్మకి చెప్పే వస్తాను."

ఆమె టేపు చివర వెతుక్కుంటూ, పని లేకుండా వచ్చేవాళ్ళకి ఇక్కడ కూర్చోడానికి చోటుండదంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మూడు వారాల్లో మొదటిసారి మూలనుంచి వాళ్ళ నాన్న నోరు విప్పాడు.

"నా కుర్చీలో కూర్చోండి మాస్టారూ. శనివారాలు నేనెలాగూ షాపులో ఉండను."

ఆయన శనివారం షాపు వదిలి వెళ్ళడం ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.