తల్లి వృత్తి: డెయిరీ కన్సల్టెంట్

ఏజెంట్ జయచంద్ర వేసిన మోడల్ ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పిందని ఎవరైనా చూపిస్తే నా మీసం తీయించుకుంటాను.

మదనపల్లె. టమోటా మండీ పక్కన మేడమీది గది. చీఫ్ నారాయణస్వామి జయచంద్ర ముందు ఫైలు తెరిచాడు.

"పుంగనూరు పొట్టి ఆవుల వీర్యం. నాలుగు వందల స్ట్రాలు, అంటే సన్నటి గొట్టాలు. మంచుకన్నా చల్లటి నైట్రోజన్ క్యాన్‌లో పెట్టి ఒక విదేశీ ముఠా దాటిస్తాండాది. రేపు పదిన్నరకు అది కుప్పంలో రైలెక్కితే మన ఆవు వాళ్ల పేటెంట్ అయిపోతాది. మనుషులెంతమంది?"

"పన్నెండు సార్. దారులు నలభై."

"అందుకే కదప్పా నిన్ను పిలిచింది."

లెక్కల్లో దాన్ని ఆప్టిమైజేషన్ అంటారు. ఉన్న కొద్దిమందిని ఎక్కడెక్కడ నిలబెడితే దొంగకు సందు దొరకదో తేల్చడం. పుంగనూరు నుంచి కుప్పం దాకా తిరిగే బస్సులు, లారీలు, ఆటోలు అన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు జయచంద్ర. చౌడేపల్లె పాలవ్యాను దగ్గర మాత్రం వేలు ఆగింది.

ఆ వ్యానులో రోజూ అతని తల్లి అమరావతి వస్తుంది. తమ ఊరి పాలకు వెన్న శాతం తక్కువ వేస్తారని, క్యాన్లతో పాటే కుప్పం డెయిరీ దాకా కాపలా వస్తుంది. ఉద్యోగం దరఖాస్తులో 'తల్లి వృత్తి' అన్నచోట జయచంద్ర 'డెయిరీ కన్సల్టెంట్' అని రాశాడు. ఆ వ్యాను దగ్గర మనిషిని పెడితే కన్సల్టెంట్ ఎవరో ఆఫీసంతా తెలిసిపోతుంది. ఊరూరా ఆగే బండిని ఏ దొంగ ఎక్కుతాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, మోడల్లోంచి ఆ వ్యాను దారి చెరిపేశాడు.

మర్నాడు పది దాటింది. కుప్పం స్టేషన్లో జయచంద్ర వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. చొక్కా గుండీలో కెమెరా. జేబులో మత్తుసూది పెన్ను. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులతో మేఘన వచ్చింది. ముఠా జీతం తీసుకుంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"కాయల్లో ఉప్పు తగ్గిందప్పా."

ప్లాన్ చెడిందని కోడ్. పొట్లం అందుకుంటూ గొణిగింది. "నీ మోడల్ వాళ్ల చేతికి చిక్కింది. దాంట్లో లేని బండి ఒకటే ఉండాది. దాన్నే ఎక్కినారు."

జయచంద్ర చెవులు కాలిపోయాయి. భయంతో కాదు, సిగ్గుతో. బుట్ట వదిలేసి డెయిరీ వైపు పరుగెత్తాడు.

మీసం సంగతంటారా? నాకు మీసమే లేదు లెండి.

డెయిరీ గేటు ముందు పాలవ్యాను. క్లీనర్ వేషంలో ఉన్న ముఠా మనిషి ఒక క్యాన్ లాగుతున్నాడు. దాని మీద అమరావతి కూర్చుని ఉంది.

"లెయ్యమ్మా, రైలుకు పోవల్ల."

"పాలు రైలుకు యాల పోతాయప్పా? పొద్దున పితికిన పాల క్యాను ముట్టుకుంటే ఎచ్చగా ఉండల్ల. దీని మూత సూడు, మంచు పట్టుండాది. ఎవురిదో సెప్పు, లేస్తా."

దూరంగా రైలు కూత. వాడి చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు మీదికి పోయింది. అదే క్షణంలో వెనకనుంచి పెన్ను వాడి మెడలో దిగింది. వాడు కూలాడు. టైము పది ఇరవై తొమ్మిది.

జీపులు వచ్చి ఆగాయి. నారాయణస్వామి దిగాడు.

"మన పన్నెండు మంది చెయ్యలేనిది చేసింది. ఎవురప్పా ఈయమ్మ?"

అమరావతి కొడుకు ముఖం చూసింది. అతను నోరు తెరవకముందే తానే చెప్పింది. "నేనెవురూ కాదు సామీ. పాలామెను."

"మా అమ్మ సార్," అన్నాడు జయచంద్ర. "మోడల్లోంచి నేనే తీసేసినాను."

ఇందులో నేను కల్పించింది ఈ చివరి మాటొక్కటే. నిజానికి అప్పుడతను తల దించుకుని పెన్నుకు మూత పెట్టుకున్నాడు. ఆ మాట రావడానికి మూడు రోజులు పట్టింది, అదీ రిపోర్టులో. దరఖాస్తులో కన్సల్టెంట్ అన్న ముక్క కొట్టేయబోతే మాత్రం చీఫ్ ఒప్పుకోలేదు.