తవ్వొద్దక్కా

అమ్మానాన్న పోయాక మాకు మిగిలింది ఒకరికొకరం. అయినా మా చెల్లికి నాకంటే పీతలే ఎక్కువ. శంఖాల్లో కాపురముండే సన్యాసి పీతలు. హాల్లో గాజుతొట్టి, అందులో జానెడు లోతు తడి ఇసుక, ఓ గిన్నెలో ఉప్పునీళ్లు, ఓ గిన్నెలో మంచినీళ్లు. కుళాయి నీళ్లు తిన్నగా పోస్తే చస్తాయట, గాలి పొడిబారితే ఊపిరాడదట. లాండ్రీలో రోజంతా ఆవిరికి ఉడికి ఇంటికొచ్చే నాకు గ్లాసుడు నీళ్లిచ్చే దిక్కు లేదు గానీ, వాటికి మాత్రం రాజభోగాలు.

అన్నిట్లోకీ పెద్దదానికి 'బావ' అని పేరు పెట్టింది. ఎందుకే అంటే, "నువ్వెలాగూ తేవడం లేదు కదక్కా" అని కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఒళ్లు మాత్రం మండిపోయింది.

ఓరోజు బావ ఇసుకలోకి దూరి మాయమయ్యాడు.

"కుబుసం విడుస్తున్నాడు. ఇప్పుడు ఒళ్లంతా వెన్నముద్దలా ఉంటుంది. తవ్వొద్దక్కా, చచ్చిపోతాడు" అని మరీ మరీ చెప్పి పనికెళ్లింది చెల్లి.

ఇనప గరిటె తీసుకుని తవ్వాను. ముందు ఖాళీ కాళ్లు, ఖాళీ డెక్కలు, కళ్లతో సహా పొట్టు వచ్చింది. దాని కింద శంఖంలో గులాబీరంగు మెత్తటిదేదో కదిలింది. కదలడం చూశాకే మరిగే నీళ్లు పోశాను. ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో!

సాయంత్రం చెల్లి తొట్టివైపు చూసింది. ఏడవలేదు.

"చచ్చిపోయాడనుకున్నానే" అన్నాను.

"పొట్టు చూసి అనుకున్నావా?"

ఇనప గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

అప్పట్నుంచి తిండి మానేసింది. ఉప్పు కలుపుకుని జగ్గులకు జగ్గులు నీళ్లు తాగేది. చర్మం బూడిదరంగుకు తిరిగింది. డాక్టరు దగ్గరికి పదవే అని బతిమాలితే తలుపేసుకుంది. అప్పుడు మొదలైంది నాకు భయం. ఎంత ఒళ్లు మండినా, నాకున్నది అదొక్కతే.

ఇవాళ పొద్దుటినుంచీ ముసురు. చీకటి పడుతుండగా కరెంటు పోయింది. దాని గదిలోంచి తడి ఇసుక వాసన, ఉప్పు వాసన... ఏదో గీరుతున్న చప్పుడు. కాసేపటికి అదీ ఆగిపోయింది. తలుపు నెట్టాను.

గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపుదామని భుజం పట్టుకున్నాను. వేళ్లు లోపలికి దిగిపోయాయి. కాగితమంత తేలిక... గోళ్లున్నాయి. కనురెప్పలున్నాయి. లోపల ఏమీ లేదు.

పరుపుకు ఇంత చిల్లు. పిచ్చిదానిలా దూది పీకి లోపల చెయ్యి పెట్టాను. వెచ్చగా... మెత్తగా... వెన్నముద్దలా...

"తవ్వొద్దక్కా..."

చెయ్యి లాగేశాను. నా వేళ్లు దిగినచోట గుంటలు అలాగే ఉండిపోయాయి.

"లేదమ్మా... ముట్టుకోను. నిన్నెవర్నీ ముట్టుకోనివ్వను..." దూది మళ్లీ కప్పేశాను.

అప్పుడు వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడైంది.

ఈ ఇంట్లో మేమిద్దరమే. ఇద్దరం ఈ గదిలోనే ఉన్నాం.

నీళ్లు మరుగుతున్నాయి... ఎవరో గరిటెల్లో దేనికోసమో వెతుకుతున్నారు.